ఈ చేప ఏ నీటిది?

ఏటా జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. ఆనాడు చేప తినడం తెలంగాణలో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఎండలు తగ్గి తొలకరి మొదలయ్యే ఆ సంధికాలంలో చేప ఒంటికి మేలు చేస్తుందని పెద్దల నమ్మకం. పాతబస్తీలోని దూద్‌బౌలీలో మొదలై, తరువాతి కాలంలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి తరలిన చేపమందు పంపిణీ జరిగేది కూడా ఆనాడే. ఆ ఉదయం నగరంలోని చేపల మార్కెట్లలో కాలు పెట్టడానికి చోటుండదు.

కొన్నేళ్ల క్రితం అటువంటి ఒక మృగశిర నాడు, మూసీ నీటితో సాగయ్యే గడ్డి భూముల నుండి మట్టి నమూనాలు సేకరించి, కొందరు స్నాతకోత్తర విద్యార్థులతో కలిసి పురానాపూల్ మీదుగా బేగంబజార్ చేపల మార్కెట్‌కు వెళ్లాను. మా చేతుల్లోని మట్టి సంచులను, వాటికి కట్టిన చీటీలను చూసి ఒక పెద్దావిడ మమ్మల్ని ఆపింది. ఆమె చేతి సంచిలో అప్పుడే కోయించుకున్న చేప ముక్కలున్నాయి. "సారూ, మీరు చదువుకున్నోళ్లు గదా. మోరీ నీళ్ల చేపలు కూడ ఈడికే వస్తయంటున్నరు. గిది పిల్లలకు పెట్టొచ్చునా?" అని అడిగింది. "ఏ చెరువు చేపమ్మా?" అని నేను ఎదురు ప్రశ్న వేశాను. ఆమెకు తెలియదు. అమ్మిన మనిషిని అడిగితే "చెరువు చేపనే సార్" అన్నాడు. ఏ చెరువో అతనికీ తెలియదు. ఏదో ఒకటి చెప్పాలి గనుక, "ఉప్పు, పసుపు వేసి మంచిగా కడిగి వండుకోండమ్మా" అని చెప్పి వచ్చేశాను.

ఆ జవాబు తప్పు. కడిగితే నీచు పోతుంది, పైనున్న మట్టి పోతుంది, కొంతమేరకు సూక్ష్మజీవులు పోతాయి. కండలోకి చేరిన పాదరసం గాని, ఎముకలోకి చేరిన సీసం గాని పోదు. ముప్పై ఏళ్లుగా మట్టిలో లోహాల గురించి పాఠాలు చెబుతున్న నేనే అటువంటి జవాబు చెప్పానంటే, గ్రామస్థాయిలో పనిచేసే విస్తరణ సిబ్బంది ఏమి చెప్పగలరు? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా రాస్తున్న సమాధానం.

నా అభిప్రాయం ఇది. మంచినీటి చేపల విషయంలో ప్రమాదం చేప జాతిలో కంటే, అది పెరిగిన నీటిలోనూ, ఆ నీటి అడుగున ఉన్న బురదలోనూ ఎక్కువగా ఉంటుంది. కాబట్టి "చేపలు ప్రమాదకరం" అని గాని, "చేపలు క్షేమం" అని గాని చెప్పే హక్కు శాస్త్రజ్ఞులకు లేదు. ఏ చెరువు చేప, ఏ లోహం, ఎవరు తింటున్నారు, ఎంత తింటున్నారు అన్న నాలుగు విషయాలు తేలితేనే సలహా సలహా అవుతుంది. అందులో మొదటి విషయం తేల్చవలసిన బాధ్యతలో వ్యవసాయ శాస్త్రజ్ఞులమైన మనకు కూడా వాటా ఉంది. చెరువు బురద కూడా మట్టే.

లోహం ఎక్కడ నిలుస్తుంది?

వికారాబాద్ అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, నగరం నడుమ నుండి ప్రవహించి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1908 వరదల తరువాత దీనిపైనా, దీని ఉపనది ఈసీపైనా కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నగరానికి తాగునీరిచ్చాయి. అంతకు ముందు పాతబస్తీకి నీరందించిన వాటిలో మీర్ ఆలం చెరువు ఒకటి. 19వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో 21 అర్ధవృత్తాకార కమానులతో కట్టిన ఆ ఆనకట్ట నేటికీ ఇంజనీర్లకు అధ్యయన వస్తువే. తాగునీటి కోసం కట్టిన చెరువులు మురుగునీటి మడుగులుగా మారడం ఈ నగరపు నీటి చరిత్రలోని విషాదం.

జలాశయాల దిగువన మూసీలో వేసవిలో పారేది ప్రధానంగా నగరపు వాడుక నీరే. అందులో ఇళ్ల మురుగుతో పాటు లోహపు పూత పనులు, పాత బ్యాటరీల పనులు, రంగులు, అద్దకాలు, తుక్కు కరిగించే పనులు వదిలే వ్యర్థాలు కూడా కలుస్తాయి. రాజేంద్రనగర్‌లోని మా ప్రాంగణానికి దగ్గరలోనే కాటేదాన్ పారిశ్రామికవాడ ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి మట్టిని పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో సీసం, క్రోమియం, నికెల్, జింక్, ఆర్సెనిక్, కాడ్మియం అధిక స్థాయిలో ఉన్నట్లు నమోదు చేశారు. వాన పడితే ఆ మట్టి ఎటు కొట్టుకుపోతుందో చెప్పడానికి ప్రత్యేక పరిశోధన అవసరం లేదు. పల్లం ఎటు ఉంటే అటే పోతుంది, పల్లంలో చెరువులున్నాయి.

ఇక్కడ విద్యార్థులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. మురుగునీటిలో సేంద్రియ పదార్థం ఎక్కువ. లోహపు అయాన్లు ఆ సేంద్రియ రేణువులకు, బంకమట్టికి అంటుకొని అడుగుకు చేరతాయి. ప్రాణవాయువు లేని బురదలో గంధకంతో కలిసి సల్ఫైడ్లుగా స్థిరపడతాయి. అందువల్ల చెరువు పైనీటిని సీసాలో పట్టి పరీక్షిస్తే లోహాలు స్వల్పంగానే కనిపించవచ్చు. ఆ నివేదిక చూసి చెరువు క్షేమమని నిర్ణయిస్తే పొరపాటే. నీరు ఆ రోజు సంగతి చెబుతుంది. బురద యాభై ఏళ్ల చరిత్ర చెబుతుంది.

ఆ బురదను తవ్వి పొలంలో వేస్తే ఏమవుతుంది? గాలి తగలగానే సల్ఫైడ్లు ఆక్సీకరణం చెంది లోహాలు తిరిగి కరిగే స్థితికి వస్తాయి. వరి పొలంలో నీరు తీసినప్పుడు కాడ్మియం మొక్కకు ఎక్కువగా అందడం వెనుక ఉన్న సూత్రమే ఇది. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ కింద చెరువుల పూడికమట్టిని పొలాలకు తరలించడం గ్రామీణ తెలంగాణలో మంచి ఫలితాలిచ్చిన పని. దానినే పారిశ్రామికవాడల దిగువ చెరువులకు యథాతథంగా వర్తింపజేయలేము. అంబర్‌పేట్‌లోని రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యం గల మురుగునీటి శుద్ధి కేంద్రం వంటి వాటి విషయంలోనూ ఇదే మాట. అవి ప్రధానంగా సేంద్రియ భారాన్ని తగ్గించడానికి నిర్మించినవి. లోహం అక్కడ మాయమవదు, అధిక భాగం మడ్డిలోకి మారుతుంది. ఆ మడ్డిని ఎరువుగా వాడేటప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న నత్రజని శాతం గురించి కాదు.

మూడు లోహాలు, మూడు దారులు

భారలోహాలన్నిటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం మన వ్యాసాల్లోనూ, ఉపన్యాసాల్లోనూ తరచుగా కనిపించే లోపం.

పాదరసం బురదలోని సూక్ష్మజీవుల చర్య వల్ల మిథైల్ పాదరసంగా మారుతుంది. ఆ రూపంలో అది కండలోని మాంసకృత్తులకు అంటుకుంటుంది. చిన్న చేపను పెద్ద చేప తిన్నకొద్దీ దాని గాఢత పెరుగుతూ పోతుంది. అందుకే సముద్రపు సొర, పెద్ద వంజరం వంటి వేటచేపల్లో ఎక్కువగానూ, కవళ్లు, కనగంతల వంటి చిన్న చేపల్లో తక్కువగానూ ఉంటుంది. హైదరాబాద్ మార్కెట్లకు మంచుపెట్టెల్లో వచ్చే సముద్రపు చేపల విషయంలో జాతి, పరిమాణం అడగడం సబబే. గర్భస్థ శిశువు మెదడుపై దీని ప్రభావం అన్నిటికంటే తీవ్రం.

సీసం ఈ విధంగా మెట్టు మెట్టుకూ పెరగదు. అది మొప్పల్లోనూ, కాలేయంలోనూ, ఎముకల్లోనూ నిలుస్తుంది. పెద్ద బొచ్చె కండ ముక్కలో కంటే, ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపల్లో సీసం ఎక్కువగా ఒంట్లోకి చేరే అవకాశం ఉంది. ఆ చిన్న చేపలే చవక, వాటినే పేదలు ఎక్కువగా తింటారు. వాటిలోని కాల్షియం పిల్లలకు ఎంతో అవసరమన్న సంగతి కూడా మరువరాదు.

కాడ్మియం ప్రధానంగా కాలేయం, మూత్రపిండాలలో చేరుతుంది. పీతల్లో పచ్చగా, మెత్తగా ఉండే భాగాన్ని కొందరు ఇష్టంగా తింటారు. కాడ్మియం నిలిచే చోటు అదే. మనిషి మూత్రపిండాల్లో చేరిన కాడ్మియం బయటకు పోవడానికి దశాబ్దాలు పడుతుంది.

ఈ రెండు దారులు ఎక్కడికి చేరుస్తాయో జపాన్ చూపింది. మినమాటా అఖాతంలోకి చిస్సో రసాయన కర్మాగారం వదిలిన పాదరసం, చేపల ద్వారా మనుషుల నరాలను దెబ్బతీసింది. ఆ వ్యాధిని అధికారికంగా గుర్తించింది 1956లో. అదే దేశంలో జింజు నది పరీవాహకంలో కమియోకా గని నుండి వచ్చిన కాడ్మియం, సాగునీటి ద్వారా వరి పొలాల్లో చేరి, బియ్యం ద్వారా ఎముకలను గుల్ల చేసింది. దానికి కాడ్మియమే కారణమని ప్రభుత్వం 1968లో అంగీకరించింది. ఒక విపత్తు చేపలో, మరొకటి వరిలో బయటపడినా రెండింటికీ మూలం నీటిలో ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో మత్స్యశాస్త్రం ఒక గదిలో, మృత్తికాశాస్త్రం మరొక గదిలో ఉన్నాయి. మూసీకి ఆ గోడలు తెలియవు. 2000 దశకం ఆరంభంలో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు మూసీ వెంబడి గడ్డి, ఆకుకూరలు, వరి మీద ఆధారపడిన కుటుంబాల జీవనాన్ని నమోదు చేసినప్పుడు, ఆ నీరు ఎన్ని రూపాల్లో మనిషి కంచానికి చేరుతున్నదో తేటతెల్లమైంది. పాలు, తోటకూర, బియ్యం, చేప అన్నీ ఒకే నీటి బిడ్డలు.

బతికున్న చేప హామీ కాదు

మార్కెట్లో కొనుగోలుదారుల మనసులో ఒక లెక్క ఉంటుంది. తొట్టిలో ఎగిరిపడుతున్న చేప మంచిది, చచ్చిన చేప అనుమానించవలసినది అని. తాజాదనం మటుకు చూస్తే ఆ లెక్క సరైనదే. లోహాల విషయంలో పనికిరాదు. నగరపు చెరువుల్లో అప్పుడప్పుడు చేపలు కుప్పలుగా చనిపోవడం సాధారణంగా ప్రాణవాయువు లోపం వల్ల జరుగుతుంది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను, మార్పు జాతి చేపలు గాలిని నేరుగా పీల్చుకోగలవు. ఇతర చేపలు బతకలేని మురుగులో కూడా అవి నిలుస్తాయి. అటువంటి చోట పెరిగిన కొర్రమీను ఎంత చురుకుగా కదిలినా, అది బతికి ఉండటం దాని ఓర్పుకు నిదర్శనమే గాని నీటి శుద్ధికి నిదర్శనం కాదు. రంగు, వాసన, రుచి కూడా సాక్ష్యం చెప్పవు. పరీక్ష ఒక్కటే మార్గం.

ఎంత తింటే ఎంత?

అంకెల్లో ఆలోచించడం అలవడితే భయమూ, నిర్లక్ష్యమూ రెండూ తగ్గుతాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల సంఘం మిథైల్ పాదరసానికి నిర్ణయించిన పరిమితి, శరీర బరువు కిలోకు వారానికి 1.6 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి అది వారానికి 96 మైక్రోగ్రాములు. కిలోకు 0.5 మిల్లీగ్రాముల మిథైల్ పాదరసం ఉన్న చేపను ఉదాహరణగా తీసుకుంటే, వారానికి 190 గ్రాములతోనే ఆ హద్దు చేరుతుంది. 15 కిలోల పిల్లవాడికి 48 గ్రాములు చాలు, అంటే ఒక ముక్క. అదే చేపలో 0.05 మిల్లీగ్రాములే ఉంటే పెద్దవారు దాదాపు రెండు కిలోలు తినవచ్చు. చేప ఒక్కటే అయినా తినేవారిని బట్టి ప్రమాదం మారుతుంది.

సీసానికి అటువంటి వారపు పరిమితి ఇప్పుడు లేదు. అంతవరకు ఉన్న పరిమితి ఆరోగ్యాన్ని కాపాడేదిగా లేదని అదే నిపుణుల సంఘం 2010లో దానిని ఉపసంహరించుకుంది. చేపలో కిలోకు 0.3 మిల్లీగ్రాములకు మించరాదన్న చట్టపరమైన హద్దు వ్యాపారానికి సంబంధించినది. పిల్లల మెదడుకు సంబంధించినంతవరకు ఎంత తక్కువైతే అంత మంచిది.

ఇదే సమయంలో మరొక సత్యం చెప్పకపోతే అది కూడా తప్పుడు సలహాయే. 2010లోనే జరిగిన మరొక అంతర్జాతీయ నిపుణుల సంప్రదింపులో, గర్భిణులు చేప మానేయడం వల్ల శిశువు మెదడు ఎదుగుదలకు నష్టం కలగవచ్చని తేల్చారు. చేప మాన్పించడం మన లక్ష్యం కారాదు. మంచి నీటి చేపను ఎంచుకునే వీలు కల్పించడం మన లక్ష్యం కావాలి.

పట్నా నేర్పిన పాఠం

పేరు లేని హెచ్చరిక ఎంత నష్టం చేస్తుందో మనకు అనుభవంలో ఉంది. 2019 జనవరిలో బిహార్ ప్రభుత్వం పట్నా నగరంలో ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చే చేపల అమ్మకాన్ని పదిహేను రోజుల పాటు నిషేధించింది. ఫార్మలిన్‌తో పాటు భారలోహాల ప్రస్తావన కూడా నాడు వచ్చింది. అంతకు ముందు 2018 జులైలో అస్సాం కూడా ఫార్మలిన్ కారణంగా బయటి చేపలను కొన్నాళ్లు ఆపింది. ఆ ఉత్తర్వులు తప్పా ఒప్పా అన్నది ఇక్కడ నా చర్చ కాదు. నిషేధానికి గురైంది ఒక రాష్ట్రం పేరు. కొల్లేరు, భీమవరం పరిసరాల్లో శుభ్రమైన నీటితో పెంచిన రైతూ, మరెక్కడో కలుషిత నీటిలో పెంచిన వాడూ ఒకే శిక్ష అనుభవించారు. ఏ చెరువు చేప ఎటువంటిదో చెప్పగల లెక్క చేతిలో ఉంటే మంచి రైతు దానిని ముందు పెట్టి నిలబడగలిగేవాడు.

"ఇవన్నీ బయటపెడితే మత్స్యకారుల పొట్ట కొట్టినట్లు కాదా?" అని సహోద్యోగులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. కాని, నగరపు చెరువుల చేపను తినేవారిలో ఆ మత్స్యకారుల పిల్లలే ముందు వరుసలో ఉంటారు. అమ్మగా మిగిలిన చేప వారి ఇంటి పొయ్యి మీదికే వస్తుంది. మన మౌనం వారి ఆదాయాన్ని కాపాడుతున్నదని అనుకుంటూ, వారి ఆరోగ్యాన్ని పణంగా పెడుతున్నాము. చెరువు పనికిరాదని తేలితే ఆ నష్టం వారు భరించకూడదు. తోలు పరిశ్రమల కాలుష్యంపై 1996లో వెల్లూరు కేసులో సుప్రీంకోర్టు, కలుషితం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని తీర్పు చెప్పింది. ఆ సూత్రాన్ని అమలు పరచమని అడగడానికైనా మన చేతిలో చెరువువారీ అంకెలుండాలి.

మనం చేయవలసినవి

2015 నుండి రైతులకు ఇస్తున్న భూసార పరీక్ష పత్రంలో 12 అంశాలుంటాయి. ఉదజని సూచిక నుండి బోరాన్ వరకు పంటకు కావలసినవే అన్నీ. సీసం, కాడ్మియం అందులో లేవు. సాధారణ పొలానికి అవి అక్కరలేదు కూడా. నగరపు వ్యర్థజలం పారే భూములకు, ఆ నీరు చేరే చెరువులకు మాత్రం వేరొక పత్రం ఉండాలి. జింక్, రాగి, ఇనుము, మాంగనీసు కొలిచే అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రాలు ఇప్పటికే మన ప్రయోగశాలల్లో ఉన్నాయి. సీసం, కాడ్మియం కొలవడానికి వాటికి తగిన దీపాలు, శుద్ధమైన ఆమ్లాలు, ప్రామాణిక నమూనాలు, శిక్షణ పొందిన చేతులు కావాలి. అతి స్వల్ప మోతాదులకు గ్రాఫైట్ కొలిమి, పాదరసానికి శీతల ఆవిరి పద్ధతి ప్రత్యేకంగా అవసరమవుతాయి. ప్రతి ప్రయోగశాలకూ అక్కరలేదు, ఒకటి రెండు చోట్ల ఉన్నా చాలు.

మొదటి పనిగా, నగర పరిసరాల్లోనూ పారిశ్రామికవాడల దిగువనా ఉన్న చెరువుల్లో చేపపిల్లలను వదిలే ముందు బురదను పరీక్షించాలి. మురుగు చేరే చోట, చెరువు నడుమ, తూము దగ్గర నమూనాలు వేర్వేరుగా తీయాలి. చేపలు పట్టే కాలంలో కండను, కాలేయాన్ని, ఎముకను విడివిడిగా పరీక్షించాలి. అన్నీ కలిపి రుబ్బిన సగటు అంకె ఎవరికీ సలహా ఇవ్వదు.

రెండవది, మత్స్య సహకార సంఘం నుండి మార్కెట్‌కు చేరే ప్రతి గంపతో పాటు చెరువు పేరు రావాలి. మామిడికి తోట పేరు, బియ్యానికి ఊరి పేరు చెప్పుకుని అమ్ముతున్నాము. చేపకు నీటి పేరు చెప్పడం అసాధ్యమేమీ కాదు.

మూడవది, ఇంటికి చేరే సలహా సరళంగా ఉండాలి. మొప్పలు, పేగులు, కాలేయం తీసివేయాలి. ఒకే చోటి చేపను రోజూ తినకుండా మార్చి తినాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు పెద్ద వేటచేపలు వద్దు, చిన్న సముద్రపు చేపలు, నమ్మకమైన చెరువులో పెరిగిన రోహు, బొచ్చె మేలు. వేయించినా, పులుసు పెట్టినా లోహం తగ్గదు. పైగా చింతపండు పులుసును కళాయి పోయిన ఇత్తడి గిన్నెల్లో గాని, తుక్కు కరిగించి పోసిన అల్యూమినియం గిన్నెల్లో గాని ఉడికిస్తే, చేపలో లేని సీసం కూడా గిన్నె నుండి కూరలోకి దిగవచ్చు. ఈ మాట తెలుగులోనే కాక, పాతబస్తీలో ఉర్దూలోనూ చేరాలి.

ఆ పెద్దావిడ మళ్లీ ఎదురుపడితే నేను ఇప్పుడు కొంత మెరుగైన జవాబు చెప్పగలను. మొప్పలు తీయించుకోమంటాను, పిల్లలకు వారానికి ఎంత పెట్టవచ్చో చెబుతాను. అయినా "ఏ చెరువు చేపమ్మా?" అన్న నా ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉండదు. ఆ జవాబు ఆమె వెతుక్కోవలసినది కాదు. ఈ పత్రిక చదివే విస్తరణ శాస్త్రజ్ఞులూ, రేపు పరిశోధనాంశం ఎంచుకోబోయే విద్యార్థులూ దానిని తమ పనిగా తీసుకోవాలని కోరుతున్నాను. మీ ప్రాంగణానికి దగ్గరలో ఉన్న ఒక చెరువుతో మొదలుపెట్టండి. దాని అడుగు మట్టిని పైకి తీసి, అందులో ఏముందో దాని చేపను తినేవారికి చెప్పండి.